ఇంట్లో చదివిస్తున్నాం, దాచిపెట్టడం లేదు

ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని బడి మాన్పించడమంటే వాళ్లను లోకానికి కనబడకుండా దాచిపెట్టడమేనని ఒక వ్యాసంలో రాశారు. చదివి చాలా బాధ కలిగింది. మేం ఉండేది మల్కాజిగిరిలో. మా బాబుకు 11 ఏళ్లు, ఆటిజం. రెండు బడులు మార్చాం. రెండో దాంట్లో గంట మోగినప్పుడల్లా చెవులు మూసుకుని బల్ల కిందికి దూరేవాడు. వాళ్లు తలుపు పక్కన కూర్చోబెట్టి వదిలేశారు. అందుకే ఇంటికి తెచ్చుకున్నాం.

ఇప్పుడు వాడు రైతుబజార్లో అరకిలో టమాటాలు తూయించుకుని, చిల్లర లెక్కపెట్టుకుని వస్తాడు. ఈ ఒక్క పనికే ఏడు నెలలు పట్టింది. ముందు ఇంట్లో నాణేలతో, తర్వాత మా వీధి కిరాణా కొట్లో, ఆ తర్వాతే బజారు. జనం తక్కువుంటారని పొద్దున్నే వెళ్తాం.

మా టెన్షనంతా నిబంధనలతోనే. 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి ఇంటి దగ్గరే చదువుకునే హక్కు ఇచ్చారు. కానీ అది తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకే. మా వాడి సర్టిఫికెట్లో ఉన్నది 60 శాతం వైకల్యం, అది తీవ్రం కింద లెక్కకు రాదు. మరి వాడి సంగతేంటి? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 18 ఏళ్ల దాకా ఉచిత విద్య అంటుంది, అదీ బడిలోనే. మొదట సదరం (వైకల్య శాతం తేల్చే ప్రభుత్వ సర్టిఫికెట్) అడిగారు, ఇప్పుడు యూడీఐడీ కార్డు (దేశమంతటికీ ఒకటే దివ్యాంగుల గుర్తింపు కార్డు) అంటున్నారు. 14 నిండాక బడికి వెళ్లకుండానే పరీక్షలు రాయనిచ్చే జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి రాయించాలని మా ఆశ.

వ్యాసం రాసినవారు ఇటువైపు వస్తే ఒక పూట మా ఇంటికి రండి. వాడితో కలిసి బజారుకు వెళ్దాం.