ఆడనివారి పేరుతో ఆట

ఖాతాలో డబ్బుంది, చేతికి రాదు. వడ్లు అమ్మిన సొమ్ము పడిందని మెసేజ్ చూసుకుని బ్యాంకుకు వెళ్లిన రైతుతో కౌంటర్‌లోని ఉద్యోగి కంప్యూటర్ వంక చూస్తూ ‘మీ అకౌంట్ హోల్డ్‌లో ఉంది’ అంటాడు. ఎందుకని అడిగితే సైబర్ క్రైమ్ వాళ్లు పెట్టించారంటాడు. ఏ ఊరి వాళ్లంటే, ఎక్కడో వేరే రాష్ట్రంలోని ఠాణా పేరూ ఒక ఫిర్యాదు నంబరూ చిన్న కాగితం ముక్క మీద రాసిస్తాడు. ఆ కాగితం పట్టుకుని ఆ మనిషి ఎక్కడికి వెళ్లాలి? ఏ భాషలో ఎవరితో మాట్లాడాలి? విత్తనాలకనీ పిల్లల ఫీజుకనీ దాచుకున్న డబ్బు నెలల తరబడి అలాగే ఇరుక్కుపోతుంది. ఆయన జన్మలో పేకముక్క ముట్టి ఉండకపోవచ్చు. కానీ ఎవరి పందెం డబ్బో ఒక రాత్రి ఆయన ఖాతాలోకి వచ్చి, తెల్లారేసరికి వెళ్లిపోయింది.

ఆన్‌లైన్ జూదం అనగానే మన కళ్లముందు మెదిలేది ఆడి చెడినవాళ్లు. అప్పులపాలైన కుటుంబాలు, అమ్ముకున్న పొలాలు, తిరిగిరాని బిడ్డలు. ఆ బాధ చిన్నదని ఎవరూ అనరు. ఈ పత్రిక దాని గురించి రాస్తూనే ఉంటుంది. అయితే ఆ జూదం నడవడానికి డబ్బుతో పాటు ఇంకో ముడిసరుకు కావాలి. అది మనిషి పేరు. ఒక ఆధార్, ఒక పాన్, ఒక సిమ్, ఒక బ్యాంకు ఖాతా. ఆ సరుకును ఎక్కువగా సమకూరుస్తున్నది, తెలిసో తెలియకో, ఏనాడూ పందెం కాయనివాళ్లే. వారి గోడు వినే గడప మాత్రం ఇంతవరకూ లేదు.

బెట్టింగ్ సంగతి తెలిసినవాళ్లకు ‘ఐడీ’ అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఒక నంబరుకు ‘హాయ్’ అని పెడితే చాలు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ వచ్చేస్తాయి. ఆడేవాడు ఎవరో, వయసెంతో, ఎక్కడివాడో ఎవరూ అడగరు. డబ్బు వేయడానికి ఒక క్యూఆర్ కోడో, ఖాతా నంబరో పంపుతారు. ఆ ఖాతా సైటు వాళ్లది కాదు. వరంగల్‌లోని ఇంజినీరింగ్ విద్యార్థిది కావచ్చు, ఒంగోలులోని ఆటో డ్రైవర్‌ది కావచ్చు. పొద్దున ఇచ్చిన నంబరు సాయంత్రానికి మారిపోతుంది. మహదేవ్ బుక్ అనే బెట్టింగ్ యాప్ కేసులో, అక్రమ సొమ్ము మీద దర్యాప్తు చేసే కేంద్ర సంస్థ ఈడీ బయటపెట్టిన పద్ధతీ ఇదే. దుబాయ్ నుంచి నడిచే వ్యాపారం, దేశంలో ‘ప్యానెల్’ పేరుతో ఫ్రాంచైజీలు, లాభంలో 70-30 వాటాలు, సొమ్ము తిప్పడానికి బినామీ ఖాతాల గొలుసు. 2023 నవంబరు 5న మహదేవ్‌తో కలిపి 22 యాప్‌లు, సైట్లను కేంద్రం నిలిపివేయించింది. పేరులో ఒక అక్షరం మార్చుకుని మళ్లీ వచ్చేవాళ్లకు అదేమంత అడ్డు కాలేదు.

హైదరాబాద్ పోలీసులు దీన్ని అంతకు మూడేళ్ల ముందే దగ్గర నుంచి చూశారు. ఎరుపు వస్తుందా, ఆకుపచ్చ వస్తుందా అని నిమిషాల మీద పందెం కాయించే ‘కలర్ ప్రిడిక్షన్’ సైట్ల గుట్టును 2020 ఆగస్టులో విప్పి, ఒక చైనా దేశస్థుడితో సహా నలుగురిని అరెస్టు చేశారు. తిరిగిన సొమ్ము సుమారు 1,100 కోట్ల రూపాయలని తేల్చారు. ఆ కేసు పట్టుకుని దర్యాప్తుకు దిగిన ఈడీ నాలుగు ఖాతాల్లోని 46.96 కోట్లను స్తంభింపజేసింది. ఆ దర్యాప్తులో తేలిన ఒక వివరం మరిచిపోరానిది. మన దేశంలో డమ్మీ డైరెక్టర్ల పేరుతో కంపెనీలు పెట్టించారు, వాటి పేరిట బ్యాంకు ఖాతాలు తెరిపించారు, ఆ ఖాతాల ఇంటర్నెట్ బ్యాంకింగ్ వివరాలను కొరియర్‌లో చైనాకు పంపించారు. సంతకం ఇక్కడివాడిది, మీట నొక్కే వేలు అక్కడివాడిది.

ఇన్ని పేర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? కొన్నింటిని అడిగి తీసుకుంటారు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, చెక్‌బుక్, ఆ ఖాతాకు లింకైన సిమ్, అన్నీ ఒక కవర్లో పెట్టి ఇస్తే చేతిలో కొన్ని వేలు పెడతారు. హాస్టల్ గదిలో పక్క మంచం స్నేహితుడే మధ్యవర్తి. ‘జీరో బ్యాలెన్స్ ఖాతాయే కదా, మనదేం పోతుందిరా’ అన్న ధీమాతో కుర్రాడు ఇచ్చేస్తాడు. పోయేది తర్వాత తెలుస్తుంది. పోలీసులకు ఆ గొలుసులో పేరూ ముఖం చిరునామా ఉన్న మొదటి మనిషి వాడే. వాడికి కమీషన్ ఇచ్చినవాడికి టెలిగ్రామ్‌లో ఒక మారుపేరు తప్ప ఏమీ లేదు. తెలిసి ఖాతా అద్దెకిస్తే అది నేరమే, సందేహం లేదు. కానీ పంతొమ్మిదేళ్ల పిల్లవాణ్ని జైలుకు పంపి, వాడి ఖాతాలో రోజుకు వందల లావాదేవీలు జరుగుతున్నా కళ్లు మూసుకున్న బ్యాంకును ఒక్క ప్రశ్న కూడా వేయకపోవడం న్యాయమనిపించుకోదు.

మరికొన్ని పేర్లను అడక్కుండానే తీసుకుంటారు. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు దించుకుని, రబ్బరు స్టాంపులు తయారుచేసే పద్ధతిలో వాటి అచ్చులు పోసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఎందుకంటే, నెలనెలా ఇన్ని సిమ్‌లు అమ్మాలన్న టార్గెట్ కోసం. పొలం కొన్నవారూ అమ్మినవారూ సర్కారును నమ్మి వేసిన వేలిముద్రలు అవి. ఆ ఉదంతం తర్వాత కూడా మనం నేర్చుకున్నది తక్కువే. ఇవాళ్టికీ ఏ చిన్న పనికైనా ఆధార్ జిరాక్స్ ఇమ్మంటారు, ఇచ్చేస్తాం. లాడ్జిలో ఇస్తాం, ఫైనాన్స్ ఆఫీసులో ఇస్తాం, జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో మన ఫైలు డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉండిపోతుంది. 2022 మే నెలాఖరులో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, జిరాక్స్ కాపీలు ఎవరికి పడితే వారికి ఇవ్వొద్దు, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని ప్రకటన ఇచ్చింది. రెండు రోజుల్లోనే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. జనం అపార్థం చేసుకుంటారన్నది అప్పుడు చెప్పిన కారణం. నిజానికి ఆ ప్రకటనలో ఉన్న మాట అక్షరాలా సరైనది. దాన్ని ఊరూరా చాటించాల్సింది పోయి వాపసు తీసుకున్నారు.

ఇక ఆడేవాళ్ల ఖాతాల భద్రత సంగతి. చట్టబద్ధంగా, లైసెన్సుతో నడిచే చోట కూడా అది ఎంత పలుచనో అమెరికాలో 2022 నవంబరులో తేలింది. వేరే ఎక్కడో బయటపడ్డ పాస్‌వర్డులను తెచ్చి ఒక పెద్ద స్పోర్ట్స్ బెట్టింగ్ సైటు మీద వరసగా ప్రయోగించి, దాదాపు 60 వేల ఖాతాల్లోకి చొరబడ్డారు. లోపలికి వెళ్లినవాళ్లు చేసిన పని చాలా చిన్నది. ఖాతాకు తమ బ్యాంకు వివరాలు జతచేసి, అది పనిచేస్తోందని నిరూపించడానికి 5 డాలర్లు వేసి, తర్వాత ఉన్నదంతా ఊడ్చుకుపోయారు. సుమారు 1,600 మంది నుంచి 6 లక్షల డాలర్లు పోయాయి. పట్టుబడినవాడు 18 ఏళ్ల కుర్రాడు. అక్కడ ఫిర్యాదు చేయడానికి ఒక కంపెనీ ఉంది, విచారించడానికి కోర్టు ఉంది, శిక్ష పడింది. మన దగ్గర లింకు మీద నొక్కితే దిగే ఏపీకే ఫైలుకు, అంటే ఫోనులోకి నేరుగా ఎక్కే యాప్‌కు, ఊరూ పేరూ లేవు. ప్లే స్టోర్‌లో దొరకదు. ఇన్‌స్టాల్ అవుతూనే ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఆట మీద ధ్యాసతో ‘అలౌ’ నొక్కినవాడి ఓటీపీలన్నీ ఆ క్షణం నుంచి అవతలివాడివి కూడా. ఆ ఫోను తండ్రిదైతే, పోయేది తండ్రి ఖాతా.

రెండు తెలుగు రాష్ట్రాలూ చాలా రాష్ట్రాలకన్నా ముందే మేల్కొన్నాయి. 2017లో తెలంగాణ తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టి, 132 సైట్లు, యాప్‌లను ఆపించాలని కేంద్రానికి లేఖ రాసింది. నిషేధం మంచిదే, మేం దాన్ని సమర్థిస్తూనే వచ్చాం. కానీ ఆట మానలేనివాడు ఏంచేశాడు? ఫేక్ జీపీఎస్ యాప్ వేసుకుని ఫోనును బెంగళూరులో ఉన్నట్టు చూపించాడు. వేరే రాష్ట్రంలో ఉన్న బావమరిది పాన్ కార్డుతో ఖాతా తెరిచాడు. గెలిచిన సొమ్ముపై 2023 ఏప్రిల్ నుంచి 30 శాతం టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను, కోసేవారు. ఆ కోత బావమరిది పాన్ మీద నమోదైంది. ఆదాయపు పన్ను సైటులో తన వివరాలు చూసుకున్న రోజు ఆయనకు తెలుస్తుంది, తను ఎప్పుడూ ఆడని ఆటలో తను గెలిచినట్టు.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ నిషేధాన్ని దేశమంతటికీ తెచ్చింది. డబ్బు పెట్టి ఆడించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్లు, 50 లక్షలు. ఆ సొమ్ము తిప్పే సంస్థలకూ మూడేళ్ల శిక్ష ఉంది. ఆడేవారిని నేరస్థులుగా చూడకపోవడం ఈ చట్టంలోని మానవీయత. 45 కోట్ల మంది ఏటా 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని కేంద్రమే అంచనా చెప్పింది. చట్టం రాగానే పేరున్న కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. అక్కడే మాకొక భయం. ఆ కంపెనీల సర్వర్లలో కోట్ల మంది పాన్ నంబర్లు, ఆధార్ ప్రతులు, సెల్ఫీలు, బ్యాంకు వివరాలు కేవైసీ (ఖాతాదారు గుర్తింపు తనిఖీ) పేరుతో పోగుపడి ఉన్నాయి. దుకాణం మూసేశారు, గల్లాపెట్టె సంగతి తేలింది, ఖాతా పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయి? పన్ను చట్టాల కోసం కొన్నాళ్లు ఉంచక తప్పనివి కొన్ని ఉంటాయి, ఒప్పుకుంటాం. మిగిలినవి? ఉద్యోగాలు పోయిన సిబ్బంది, చేతులు మారే కంపెనీలు, బేరానికి వచ్చే డేటా. దొంగ సైట్లకు కావలసిన పేర్లన్నీ ముఖాలతో సహా ఒకేచోట దొరికే గోదాం అది.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. పని తీరిన డేటాను చెరిపేయాలని అందులో ఉంది, భద్రత గాలికొదిలేస్తే 250 కోట్ల వరకు జరిమానా అనీ ఉంది. నియమాలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి మరో 18 నెలల గడువిచ్చారు. మామూలు వ్యాపారాలకు ఆ వ్యవధి ఇవ్వండి. డబ్బు ఆటలు నడిపి మూసేసిన కంపెనీల విషయంలో ఆగకూడదు. ఎంతమంది వివరాలు తమ దగ్గరున్నాయి, వేటిని చెరిపేశారు, వేటిని ఏ చట్టం కింద ఎంతకాలం ఉంచుతున్నారు అన్నది రాతపూర్వకంగా చెప్పించాలి. ఖాతా తెరిచిన ప్రతి ఒక్కరికీ ఆ కబురు మెసేజ్‌గా రావాలి. బోనస్ ఇస్తామని రోజుకు పది మెసేజ్‌లు పంపినవాళ్లకు ఇదొక్కటి పంపడం కష్టమేం కాదు.

బ్యాంకుల దగ్గర సాధనాలు లేక కాదు. అద్దె ఖాతాలను పసిగట్టడానికి రిజర్వ్ బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ ‘మ్యూల్‌హంటర్’ అనే ఏఐ సాధనాన్ని తయారుచేసింది. దొంగ పత్రాలతో సిమ్ తీసుకుంటే మూడేళ్ల వరకు జైలు, లేదా 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ అని 2023 టెలికాం చట్టం చెబుతోంది. మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైటులో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. చదివే ప్రతి ఒక్కరూ ఈ రాత్రే చూసుకోండి, ఇంట్లో పెద్దవాళ్ల పేరు మీదవి కూడా. మోసం కంటబడితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కానీ కౌంటర్ ముందు నిలబడ్డ ఆ రైతుకు వీటిలో ఏదీ అక్కరకు రాదు. ఆయనకు కావలసినవి వేరు. వివాదంలో ఉన్న మొత్తం ఎంతో అంతవరకే హోల్డ్ పెట్టాలని కేరళ హైకోర్టు 2023లో బ్యాంకులకు చెప్పింది. రెండు వేల అనుమానానికి రెండు లక్షలు బిగించే అలవాటు ఇంకా పోలేదు. ఆ తీర్పులోని సూత్రాన్ని దేశమంతటా నిబంధనగా చేయాలి. హోల్డ్‌కు గడువు ఉండాలి, గడువులోగా కారణం చూపకపోతే దానంతటదే తొలగాలి. వేరే రాష్ట్రం పోలీసుల కేసైనా సరే, బాధితుడి వాంగ్మూలాన్ని ఆయన ఊరి ఠాణాలోనే, ఆయన భాషలోనే తీసుకుని పంపే ఏర్పాటు ఉండాలి. బ్యాంకు ఉద్యోగి రాసిచ్చే ఆ కాగితం ముక్క మీద, ముక్కూమొహం తెలియని ఊరి పేరుకు బదులు, తన మండలంలోని ఒక అధికారి పేరు, ఫోన్ నంబరు, జవాబు ఇవ్వాల్సిన తేదీ ఉండాలి.