మహారాజశ్రీ ప్రాసెస్ బుక్ గారికి, వెనక తేదీతో

తేదీ: ఇవాళ ఆదివారం. మీకు అలవాటైన పద్ధతి కాబట్టి పోయిన సోమవారం అని వేస్తున్నాను.

మహారాజశ్రీ ప్రాసెస్ బుక్ గారి దివ్యసముఖమునకు,

గ్రాఫిక్ డిజైన్ రెండో సంవత్సరం విద్యార్థి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమంగా లేను. మీరు మాత్రం స్పైరల్ బైండింగుతో, ముందు పల్చటి ప్లాస్టిక్ షీటు, వెనక నల్లటి అట్టతో, 40 పేజీల నిండు ఆరోగ్యంతో ఉన్నారని తెలిసి సంతోషం. తెలియడానికేముంది లెండి, రెండు రాత్రులు కూర్చుని మిమ్మల్ని పోషించింది నేనే.

మీరెవరో తెలియని వాళ్ళు కూడా ఈ ఉత్తరం చదవొచ్చు. వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మాకు ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు ఒక కాగితం చేతిలో పెడతారు. దాని పేరు బ్రీఫ్. ఎవరి కోసం, ఏం చెప్పాలి, ఏ సైజులో, ఎప్పటికల్లా అన్నవి అందులో ఉంటాయి. ఆ కాగితం దగ్గర మొదలుపెట్టి చివరి డిజైన్ దాకా ఏం చదివాం, ఏం చూశాం, ఏం గీశాం, ఏది ఎందుకు కొట్టేశాం అన్నదంతా అంటించి చూపించే పుస్తకం తమరు. రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్. మా నోట్లో ఆర్ అండ్ డి. ఫైనల్ పోస్టరుకు ఎన్ని మార్కులో తమరికీ ఇంచుమించు అన్నే. పోస్టరు తేలిపోయినా తమరు కాస్త బరువుగా ఉంటే గట్టెక్కేస్తాం. ఈ సంగతి క్లాసులో ఎవరూ చెప్పరు, సీనియర్లు చెబుతారు.

ఈసారి బ్రీఫ్ నిద్ర గురించి. రాత్రిపూట సరిపడా నిద్రపొమ్మని కాలేజీ వయసు వాళ్ళకు చెప్పే పోస్టరు, ఏ2 సైజు, సోమవారం ఇచ్చి శుక్రవారం జ్యూరీ, అంటే పెద్దవాళ్ళు మా పని చూసి తీర్పు చెప్పడం. ఇందులో ఎవరికైనా నవ్వొస్తే నవ్వుకోండి, మాకు టైమ్ లేకపోయింది.

నాకు ఐడియా సోమవారం సాయంత్రమే వచ్చింది. బ్రీఫ్ పూర్తిగా చదవకముందే వచ్చింది. పెద్ద కన్ను, కనుపాప స్థానంలో వెలుగుతున్న ఫోను. మంగళవారం రాత్రికి స్క్రీన్ మీద పోస్టరు తయారు. ఇక మిగిలిన రెండు రోజులూ చేసిందల్లా ఆ కన్ను దగ్గరకు నేను ఎంత కష్టపడి చేరుకున్నానో కల్పించడమే. పెళ్ళయ్యాక జాతకాలు కలపడం అన్నమాట. కలవకపోతే గ్రహాలనే కాస్త జరుపుతాం.

ముందు మూడ్ బోర్డు, అంటే పోస్టరు ఏ భావంలో ఉండాలో చూపించడానికి ఏరిన బొమ్మలు అంటించే అట్ట. బొమ్మలు దొరికే పింటరెస్ట్ సైటులో నిద్ర అని కొట్టాను. నెలవంక, దిండు, ముదురు నీలం, మబ్బు మీద పడుకున్న అమ్మాయి. క్లాసులో 30 మందిమి. ముప్పై బోర్డుల మీదా అదే మబ్బు, అదే అమ్మాయి. శుక్రవారం గోడ నిండా ఆవిడే పడుకుని ఉంది. మొత్తం వ్యవహారంలో నిద్రపోయింది ఆవిడొక్కతే.

నీలం రంగు ఎందుకు వాడానన్నదానికి అర పేజీ రాశాను. ప్రశాంతత, నమ్మకం, రాత్రి ఆకాశం, మెదడు మీద రంగుల ప్రభావం. అసలు కారణం పాత ప్రాజెక్టు ఫైలు తెరిచి, అందులోనే కొత్తది మొదలుపెట్టడం. ఆ నీలం అప్పటికే అక్కడుంది. పోయిన నెల అదే నీలానికి విజ్ఞానం, భవిష్యత్తు అని అర్థాలు చెప్పాను. పాపం, ఏమీ అనుకోదు.

తర్వాత సర్వే. రాత్రి 2 గంటలకు క్లాసు గ్రూపులో ఫారం పెట్టాను. మీరు రాత్రిపూట సరిగ్గా నిద్రపోతున్నారా? 12 మంది జవాబిచ్చారు. అందులో 10 మంది లేదన్నారు. ఆ వేళకి మెలకువగా ఉండి ఫారం నింపుతున్నవాళ్ళు ఇంకేమంటారు? మీలో మాత్రం అది '83 శాతం యువత నిద్రలేమితో బాధపడుతోంది' అయి కూర్చుంది, మూడు రంగుల పై చార్టుతో సహా. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు, నేనైతే ఆ మూడు కాళ్ళకూ గ్రాఫు గీశాను. సర్వేకి పావుగంట పడితే ఆ చార్టు అంచులు సరిచేయడానికి గంటన్నర పట్టింది. టార్గెట్ ఆడియన్స్ పర్సోనా, అంటే పోస్టరు ఎవరి కోసమో వాళ్ళకు నమూనాగా కల్పించే మనిషి, ఆ సంగతి వదిలేయండి. స్టాక్ ఫోటోలో నవ్వుతున్న పిల్ల, వయసు 21, సంగీతమంటే ఇష్టం. ప్రతి ప్రాజెక్టులోనూ ఆ పిల్లే. ఒకసారి బ్యాంకు ఖాతా తెరిచింది, ఒకసారి చెట్లు నాటింది, ఈసారి నిద్ర పట్టడం లేదు.

ఇప్పుడు అసలు పనితనం చెబుతాను, వినండి. స్కెచ్చులు.

సోమవారం పేజీకి నీలం బాల్‌పెన్ను, మంగళవారానికి 2బి పెన్సిల్, బుధవారానికి సిరా అయిపోవస్తున్న జెల్ పెన్ను. మూడు రోజులూ ఒకే పెన్నుంటే అనుమానం వస్తుంది. పెన్సిల్ గీతల మీద చెయ్యి పక్కభాగంతో ఒకసారి రుద్దితే పేజీ చాలాసార్లు తిరగేసినట్టు మసకబారుతుంది. మూలలు మడవాలి, అయితే అన్ని పేజీలకూ కాదు, 5, 9, 11కి చాలు. బొమ్మ పక్కన బాణం గుర్తు వేసి, దాని కొసన 'కాంట్రాస్ట్?' అని రాసి, రెండుసార్లు గుండ్రంగా చుట్టాలి. ఒకసారి చుడితే సందేహం, రెండుసార్లు చుడితే పరిశోధన.

ఆ బొమ్మలు ఎలా వచ్చాయంటారా? ల్యాప్‌టాప్ వెలుతురు పూర్తిగా పెంచి, తెర మీద పల్చటి కాగితం పెట్టి, ఫైనల్ పోస్టరునే ట్రేస్ చేశాను. ఆ తర్వాత ఒక్కో కాగితం మీద ఒక్కో తప్పు చేర్చుకుంటూ వెనక్కి నడిచాను. ఫోను కాస్త పెద్దదైంది. తర్వాత కన్ను వంకరైంది. తర్వాత రెప్పలు పోయాయి. తర్వాత ఫోను లేదు, ఉత్త కన్నే. తర్వాత ఒక గుండ్రం. ఆ గుండ్రమే మీ 3వ పేజీలో 'తొలి ఆలోచన' అన్న శీర్షిక కింద ఉంది. అన్నిటికన్నా చివర, గురువారం అర్ధరాత్రి గీసింది అది.

దీనంతటికీ శాస్త్రం కూడా ఉంది కదా మీ దగ్గర. బ్రిటన్ డిజైన్ కౌన్సిల్ వాళ్ళు 2005 ప్రాంతంలో జనంలోకి తెచ్చిన డబుల్ డైమండ్. రెండు వజ్రాలు పక్కపక్కన. మొదటిదాంట్లో సమస్య గురించి విశాలంగా వెతికి, సారం దగ్గరకు కుదించుకోవాలి. రెండోదాంట్లో పరిష్కారాలు విశాలంగా ఆలోచించి, ఒకటి తేల్చాలి. చక్కటి మాటే, కాదనను. నా రెండు వజ్రాలూ సోమవారం సాయంత్రం ఒక చుక్కగా పుట్టాయి. గురువారం రాత్రి స్కేలు పెట్టి వాటిని నాలుగు వైపులా లాగాను.

అలాగని ఈ దొంగపని నేనొక్కడ్నే కనిపెట్టానని అనుకోవద్దు. 2009లో పెప్సీ కొత్త లోగో కోసం ఆర్నెల్ గ్రూప్ అనే డిజైన్ కంపెనీ తయారుచేసిన 27 పేజీల పత్రం బయటికి పొక్కింది. ఒక గుండ్రం, మూడు రంగులు, మధ్యలో నవ్వు లాంటి తెల్లటి పట్టీ. దానికి సమర్థనగా గోల్డెన్ రేషియో (అందానికి కొలత అని పేరుపడ్డ ఒక నిష్పత్తి), భూమి అయస్కాంత క్షేత్రం, గురుత్వాకర్షణ, చివరికి విశ్వం విస్తరించడం దాకా వెళ్ళారు. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం, వాళ్ళు ఎలుకను పట్టుకున్నాక కొండను తెచ్చి పెట్టారు. ఆ పత్రం చూసినప్పుడు నాకు గురువు దొరికినట్టయింది. నా పోస్టరులో గోల్డెన్ రేషియో గుండ్రాలు కూడా పెట్టాను, మీ 31వ పేజీ. ఎంత సాగదీస్తే అంత సరిపోతాయవి, రబ్బరు బ్యాండ్లలాగా.

కొన్నిసార్లు ఆ కొండను లోకమే తెచ్చి పెడుతుంది. 1977లో రాబ్ జానాఫ్ యాపిల్ లోగో గీశాడు. పండు కొరికినట్టు ఎందుకు పెట్టాడంటే, చిన్నగా అచ్చు వేసినప్పుడు చెర్రీ పండు అనుకోకూడదని. అంతే. కొరకడానికీ, కంప్యూటర్లో సమాచారాన్ని కొలిచే బైట్‌కీ ఇంగ్లిషులో ఒకే ఉచ్చారణ అన్న సంగతి ఆయనకు తర్వాత వేరేవాళ్ళు చెబితే తెలిసింది. ఇప్పుడైతే ఆ కొరికిన ముక్క మీద ఎన్ని కథలో. ఆయన చెర్రీ సంగతి ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాడు. మా క్లాసులో అలా ఊరుకుంటే రీసెర్చ్ సరిపోలేదంటారు.

ఇంకొకావిడ ఉంది, ఆవిడ గురించి మాత్రం వేళాకోళం ఆడలేను. కరోలిన్ డేవిడ్‌సన్. 1971లో అమెరికాలోని పోర్ట్‌లండ్ స్టేట్ యూనివర్సిటీలో మాలాగే గ్రాఫిక్ డిజైన్ చదువుకుంటోంది. అక్కడ అకౌంటింగ్ పాఠాలు చెప్పే ఫిల్ నైట్ తన బూట్ల కంపెనీకి ఒక గుర్తు గీసిపెట్టమన్నాడు. బ్రీఫ్ రెండు ముక్కలు: కదలిక కనిపించాలి, అడిడాస్ చారల్లా ఉండకూడదు. ఆవిడ కాగితం మీద బూటు బొమ్మ గీసుకుని, దాని మీద టిష్యూ కాగితాలు పరుస్తూ ఒక్కో గుర్తు గీసి చూసుకుంది, బూటు మీద ఎలా ఉంటుందోనని. ఇప్పటి నైకీ గుర్తు అలా వచ్చింది. ముట్టింది 35 డాలర్లు. ఏళ్ళు గడిచాక కంపెనీ షేర్లు కూడా ఇచ్చారనుకోండి. నన్ను పట్టుకుని వదలనిది ఆ టిష్యూ కాగితం. నేను తెర మీద పరిచిందీ పల్చటి కాగితమే. ఆవిడ కాగితం కింద బూటు ఉంది, నా కాగితం కింద జవాబు ఉంది.

సరే, కొట్టేసిన ఐడియాల దగ్గరికి వద్దాం. కనీసం పదన్నా ఉండాలని తమరి నియమం. కొట్టేయడానికని ఐడియా కనిపెట్టడమంత నరకం ఇంకోటి లేదు. మరీ చెత్తగా ఉంటే సీరియస్‌గా ఆలోచించలేదంటారు. మరీ బాగుంటే ఎందుకు కొట్టేశావంటారు. సరిగ్గా నలభై మార్కుల ఐడియాలు పది కావాలి. ఏడుస్తున్న అలారం గడియారం. ఛార్జింగ్ పెట్టిన మనిషి. కళ్ళ కింద సంచులతో చంద్రుడు. తొమ్మిది లాగాను. పదోది రావడం లేదు. తెల్లవారుజామున 3:20 అయింది.

విసుగొచ్చి 'ఇంకో ఐదు నిమిషాలు' అని రాశాను. ఆ క్షణం నాకున్న ఆలోచన అదొక్కటే. కింద మళ్ళీ అదే రాశాను. మళ్ళీ. చెయ్యి పట్టు తప్పుతోంది, అక్షరాలు వాలుతున్నాయి. ఏడో వరుసకు అక్షరాలన్నీ గీత మీద అడ్డంగా పడుకున్నాయి. కన్ను లేదు, ఫోను లేదు, చంద్రుడు అసలే లేడు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. పది పూర్తయిందిరా దేవుడా అనుకుని, అలవాటు ప్రకారం ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, పక్కన కారణం రాశాను: 'చదవడానికి ఇబ్బంది. టార్గెట్ ఆడియన్స్‌కు చేరదు.' అది తమరి 14వ పేజీ.

శుక్రవారం జ్యూరీలో ముగ్గురు. ఫైనల్ పోస్టరు ముందు ఎంతసేపు ఆగారన్నది చెప్పను, పరువు విషయం. తమరిని చేతిలోకి తీసుకున్నారు. మసక బాగా పనిచేసింది. మడిచిన మూలలూ పనిచేశాయి. 83 శాతం దగ్గర తలూపారు. 14వ పేజీ దగ్గర ఒక మేడమ్ చెయ్యి ఆగింది. మొదటి వరుస మామూలుగా చదివారు. నాలుగో వరుసకు తల కొద్దిగా పక్కకు వాలింది. ఆరో వరుసకు ఇంకాస్త. ఏడో వరుస చదివేసరికి ఆవిడ తల భుజం మీద ఆనింది, కళ్ళు సగం మూతపడ్డాయి. మిగతా ఇద్దరూ ఆవిడ భుజం మీదుగా తొంగి చూసి, వాళ్ళూ తలలు వాల్చారు. ముగ్గురు పెద్దవాళ్ళు నా ముందు నిలబడి దాదాపు నిద్రపోయారు.

"ఇదెందుకు కొట్టేశావు?" అని అడిగారు మేడమ్.

చదవడానికి ఇబ్బంది అని నా రాతలోనే, ఎర్రగా, ఆవిడ వేలి పక్కనే ఉంది.

"దీనికి ముందు గీసినవి చూపించు" అన్నారు. 13వ పేజీ తిప్పారు, అక్కడ సంచుల చంద్రుడు. 15 తిప్పారు, అక్కడ కన్ను. మళ్ళీ 14కి వచ్చారు. నలభై పేజీల్లో డెవలప్‌మెంట్ లేని పేజీ అదొక్కటే. రిమార్కుల కాగితం మీద ఇలా రాశారు: 'పరిశోధన సమగ్రం. ఫైనల్ ఊహించదగినది. పే.14: ప్రాసెస్ కనబడటం లేదు. డెవలప్ చేసి సోమవారం తీసుకురావాలి.'

అందుకని నిన్న రాత్రి తమరి స్పైరల్ వైరు విప్పి, 13కీ 14కీ మధ్య నాలుగు పేజీలు దూర్చడానికి కూర్చున్నాను. పెన్సిలు చెక్కుకున్నాను. పద్ధతి తెలిసిందే కదా: 14 మీద కాగితం పరవడం, ఒక్కో తప్పు చేర్చడం, వెనక్కి నడవడం. మొదటిది పరిచాను. ఆరో వరుస అక్షరాలు నేననుకున్నంత వాలలేదని కనిపించింది, సరిచేశాను. సరిచేస్తే ఏడు వరుసలు ఎక్కువనిపించింది, ఐదు చాలు. ఐదయ్యేసరికి కింద బోలెడంత ఖాళీ వచ్చింది. ఆ ఖాళీ అలాగే ఉంచితే మంచంలా ఉందేమిటి? ఇంకో కాగితం తీశాను. తలెత్తి చూస్తే 11 కాగితాలయ్యాయి, ఒక్కటి కూడా వెనక్కి పోలేదు. అన్నిటి మీదా ఒకే పెన్సిలు. మసక కూడా దానంతటదే వచ్చింది.

ఇవి తమరి నాలుగు పేజీల్లో పట్టవు. పైగా 14వ పేజీకి ముందు పెట్టాల్సినవి కావు, తర్వాత పెట్టాల్సినవి. అక్కడేమో 15 నుంచి 40 దాకా కన్ను కూర్చుని ఉంది. ఏం చేయమంటారో సెలవియ్యగలరు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయ విద్యార్థి

తా.క.: ఆ 11 కాగితాల మీదా నిన్నటి తేదీయే ఉంది. మూడు రంగుల పెన్నులు కాకుండా ఒకే పెన్సిలు చూస్తే రేపు జ్యూరీ వాళ్ళు నమ్ముతారంటారా?