సవరణ: ఊటీలో పిల్లల గది, కుంపటి

నెల్లూరు నుంచి పిల్లలతో ఊటీ వెళ్ళేవాళ్ళ కోసం పోయిన వారం రాసినదాంట్లో పెద్ద తప్పే దొర్లింది. పాతకాలపు బంగళా హోటళ్ళలో చలికి "గదిలో బొగ్గుల కుంపటి పెట్టించుకుని తలుపులు బిగించుకోండి" అన్నాం. దయచేసి అలా చెయ్యకండి. మూసిన గదిలో బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. పొగ ఆగి, నిప్పు మీద తెల్లగా బూడిద కమ్మాక కూడా వస్తూనే ఉంటుంది. ముందు తలనొప్పి, వికారం. నిద్రలో ఉన్న పసివాడికి ఆ హెచ్చరిక కూడా తెలీదు.

గోడలో పొగగొట్టం ఉన్న నిప్పుగూడు వేరు. అయినా నిప్పు పూర్తిగా చల్లారేదాకా గొట్టం మూత వెయ్యనివ్వొద్దు. పక్క వెచ్చబడాలంటే వేడినీళ్ళ రబ్బరు సంచిని తువ్వాలులో చుట్టి దుప్పటి కింద పది నిమిషాలుంచి, పిల్లల్ని పడుకోబెట్టేముందు తీసెయ్యండి.

తాగే నీళ్ళు "ఒక పొంగు వస్తే చాలు" అన్నదీ తప్పే. ఊటీ ఉన్న 2,240 మీటర్ల ఎత్తులో నీళ్ళు సుమారు 93 డిగ్రీలకే మరుగుతాయి. తెర్లడం మొదలయ్యాక మూడు నిమిషాలు కాగనివ్వండి. పప్పు ఉడకడానికీ మనూళ్ళోకంటే ఎక్కువసేపు పడుతుంది; పిల్లల అన్నం ముందే చెప్పి పెట్టుకోండి.

సొంత కారులో ఊటీ వెళ్ళడానికి ఈ-పాస్ (ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే అనుమతి) కావాలన్న మాట పోయిన వారం రాయడం మరిచాం. 2024 మే 7 నుంచి అది తప్పనిసరి.