తగినంత అంటే ఎంతండీ?

ఇప్పుడే, ఇంకా పది నిమిషాలు కాలేదు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి అడిగింది. "పప్పుచారు పెట్టాను ఆంటీ, నాలుగు విజిల్స్ వచ్చాయి, అయినా పప్పు బద్దలు బద్దలుగానే ఉంది, ఏం చెయ్యాలి?" అని. టైము రాత్రి ఎనిమిదిన్నర. అన్నం వండేసి ఉంది, ఇంట్లోవాళ్ళు కంచాల ముందుకొచ్చే వేళ. వచ్చిన జవాబులు చూడాలి! నలుగురు నవ్వే బొమ్మలు పెట్టారు. ఒకావిడ "పప్పుచారు కూడా రాదా ఈ కాలం పిల్లలకి" అంది. ఇంకొకాయన ఎక్కడిదో ఒక రెసిపీ ఫార్వర్డ్ చేశాడు. కందిపప్పు తగినంత, చింతపండు కొద్దిగా, ఉప్పూ కారం రుచికి సరిపడా, అన్నీ కుక్కర్లో వేసి మూడు విజిల్స్ రానిస్తే ఘుమఘుమలాడే పప్పుచారు రెడీ.

ఏటండీ ఇది? ఆ పిల్ల పప్పు ఉడకనిది సరిగ్గా ఇలాంటి రెసిపీ చూసి చేసినందుకే కదా!

చింతపండు పులుసులో కందిపప్పు ఉడకదు. టమాటాలు ఎక్కువ పడినా అంతే. పప్పుబద్దని గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం మామూలు నీళ్ళలో మరిగితే కరిగిపోతుంది, పులుపు తగిలితే కరగదు. నాలుగు కాదు, పది విజిల్స్ వచ్చినా ఆ బద్ద పలుకుగానే ఉంటుంది. బోరు నీళ్ళలో ఉండే సున్నం కూడా ఇదే పని చేస్తుంది. అందుకే పప్పు ఎప్పుడూ తాగే నీళ్ళతోనే ఉడకబెట్టాలి. ఈ ఒక్క ముక్క ఆ ఫార్వర్డ్ రెసిపీలో లేదు. "ఘుమఘుమలాడే" మాత్రం రెండుసార్లు ఉంది.

వంట వచ్చినవాళ్ళకి తగినంత అంటే ఎంతో తెలుసు, కాబట్టి వాళ్ళకి రెసిపీతో పని లేదు. రానివాళ్ళకి ఆ మాట దేనికీ పనికిరాదు. మరి ఈ రెసిపీలు ఎవరికోసం పంచుతున్నారు? అడిగితే "మా అమ్మ ఏనాడైనా కొలిచిందా, అంతా చేతి కొలతే" అంటారు. ఆవిడా కొలిచింది. ముప్ఫై ఏళ్ళు అదే గ్లాసు, అదే గిన్నె, అదే పొయ్యి, అదే కొట్లో కందిపప్పు. ఆ గిన్నెలో నీళ్ళు ఏ గీత దాకా రావాలో ఆవిడ కంటికి తెలుసు, అదే ఆవిడ కొలత. గ్లాసూ గిన్నే వేరైన ఇంట్లో కొత్తగా కాపురం పెట్టిన పిల్లకి ఆ కొలత ఎలా అందుతుంది? గ్రాముల్లో చెప్తేనే అందుతుంది.

సరే, నలుగురికి లెక్క చెప్తాను, రాసుకోండి. కందిపప్పు 100 గ్రాములు. రెండుసార్లు కడిగి అరగంట నానబెట్టాలి. కప్పున్నర నీళ్ళు, చిటికెడు పసుపు, అర టీచెంచా నూనె. నూనె ఎందుకంటే పప్పు నురగ పొంగి విజిల్ కన్నం పూడుకుపోకుండా. కుక్కర్లో పప్పు, నీళ్ళు కలిపి సగానికి మించి ఉండకూడదు. మొదటి విజిల్ వచ్చేదాకా పెద్ద మంట, తర్వాత సిమ్‌లో పది పన్నెండు నిమిషాలు. ఆవిరి దానంతటదే దిగాలి, చెంచాతో వెయిట్ ఎత్తి బలవంతాన దింపొద్దు. వేడి మీదే పప్పుగుత్తితో మెత్తగా మెదపాలి, చల్లారితే ఉండలు కడుతుంది.

ఈలోపు 20 గ్రాముల చింతపండు, అంటే చిన్న నిమ్మకాయంత, కప్పు వేడినీళ్ళలో నానబెట్టి రసం తీసి పెట్టుకోవాలి. వేరే గిన్నెలో రెండు కప్పుల నీళ్ళు పోసి ఒక ములక్కాడ ముక్కలు, ఎనిమిది పది సొరకాయ ముక్కలు, నాలుగు చీలికలు చేసిన ఉల్లిపాయ, మూడు పచ్చిమిర్చి, ఒకటిన్నర టీచెంచా ఉప్పు వేసి, ములక్కాడ నొక్కితే మెత్తబడేదాకా ఉడికించాలి. చింతపండు రసం ఆ తర్వాతే. ముందే పోస్తే ములక్కాడకీ పప్పుకి పట్టిన గతే పడుతుంది. రసం పోశాక పచ్చివాసన పోయేదాకా ఏడెనిమిది నిమిషాలు మరగాలి. అప్పుడు మెదిపిన పప్పు, ఉసిరికాయంత బెల్లం, అర టీచెంచా కారం వేసి, మొత్తం లీటరు అయ్యేలా వేడినీళ్ళు పోసి, ఇంకో ఐదు నిమిషాలు. పోపులో ఆవాలు చిటపటలాడాక మెంతులు, అవి కూడా పది పన్నెండు గింజలే. ఎర్రబడగానే జీలకర్ర, రెండు ఎండుమిర్చి, దంచిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు, ఇంగువ. మెంతులు నల్లబడితే పోపు పారబోసి మళ్ళీ పెట్టుకోండి. పోపు నూనె రెండు చెంచాలే, చారు లీటరు. ఆ చేదు లీటరంతా పాకుతుంది.

ఇక ఈ విజిల్స్ లెక్క. మూడు విజిల్స్ అంటారు, ఏ కుక్కర్లో? మూడు లీటర్ల దాంట్లో, పెద్ద బర్నర్ మీద పెడితే మూడు విజిల్స్ నాలుగు నిమిషాల్లో అయిపోతాయి. ఐదు లీటర్ల స్టీలు కుక్కర్ సిమ్‌లో పెడితే పావుగంటకి ఒక్కటి వస్తుందో రాదో. కుక్కర్లో పప్పుని ఉడికించేది విజిల్ కాదు, లోపల 120 డిగ్రీల దగ్గర నిలబడే వేడి. అది ఎన్ని నిమిషాలు నిలబడిందన్నదే లెక్క. రబ్బరు వదులైతే పక్కల నుంచి ఆవిరి పోతూనే ఉంటుంది, విజిలూ రాదు, పప్పూ ఉడకదు. నిమిషాలు చెప్పండి. గడియారం అందరిళ్ళలోనూ ఒకలాగే తిరుగుతుంది.

బెల్లం అన్నానా, ఇప్పుడు వచ్చేస్తారు "చారులో బెల్లమేంటి, పానకమా" అంటూ. నా ఒళ్ళు మండేది ఇక్కడే. అనకాపల్లి పక్కన పెట్టుకుని చారులో బెల్లం వేసుకోకపోతే మరెక్కడ వేసుకుంటారండీ? 2022లో అది మా విశాఖ నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది గానీ బెల్లం వేరవలేదు కదా! చారు తియ్యగా ఉండాలని కాదు వేసేది, పులుపు నాలుక మీద కోసినట్టు ఉండకుండా దాని అంచు విరగడానికి. లీటరుకి 10 గ్రాములు వేస్తే బెల్లం ఉందని కూడా తెలియదు. అదీ ముదురు రంగు బెల్లం కొనండి. నిమ్మపండులా మెరిసే పసుపు బెల్లం కోసం ఎగబడితే రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపిన దిమ్మ దొరుకుతుంది.

ఆంధ్ర భోజనం అనగానే గుంటూరు కారం, గోదావరి పులసలు. మా వైపు మాట ఎత్తితే అరకు వెదురు చికెన్, అక్కడితో సరి. ఉత్తరాంధ్ర ఇళ్ళలో రోజూ రాత్రి పొయ్యి మీద ఏముంటుందో ఎవరికీ పట్టదు. ఆవపెట్టిన కూరలు, నువ్వుపిండి కూరలు, తీపి గుమ్మడికాయ పులుసు, చోడి అంబలి, ఇవేవీ వాళ్ళ లెక్కలోకి రావు. చోళ్ళు అంటే "అవేంటి" అంటారు, రాగులంటేనే తెలుస్తుంది. పట్టించుకోకపోతే ఊరుకుందాం. పట్టించుకుని పాడుచేసేవాళ్ళనే భరించలేం. "వైజాగ్ స్పెషల్ పనసపొట్టు ఆవ కూర" అని ఒక వీడియో తిరుగుతోంది. మూకుడులో నూనె కాగాక అందులో రెండు చెంచాల ఆవపొడి వేసి వేయించేశారు! కింద వందల మంది "నోరూరిపోతోంది" అని రాశారు.

వేయించిన ఆవపొడిలో ఆవ ఘాటు ఉండదండీ. ఆవగింజ నలిగి నీళ్ళు తగిలినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, ముక్కులోకి ఎక్కేది అదే. వేడి తగిలితే ఎగిరిపోతుంది, మిగిలేది చేదొక్కటే. నలుగురికి చెంచా ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు చన్నీళ్ళలో పావుగంట నానబెట్టి రుబ్బాలి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పాలి, జారు వేడెక్కిందా ముద్ద చేదెక్కుతుంది. పనసపొట్టు సీజన్లో రైతు బజారులో కొట్టి అమ్ముతారు, పావుకిలో తెచ్చి పసుపు, ఉప్పు వేసి మెత్తగా ఉడికించి గట్టిగా పిండాలి. నీళ్ళు మిగిలితే కూర జావ అయిపోతుంది. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు వేసి, 15 గ్రాముల చింతపండు చిక్కటి గుజ్జు అందులో నూనె తేలేదాకా మగ్గించి, పొట్టు కలిపి దించెయ్యాలి. దించాక, గిన్నె అడుగు అరచేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, అప్పుడు ఆవముద్ద కలిపి ఒక చెంచా పచ్చి నువ్వులనూనె పొయ్యాలి. మూత పెట్టి అరగంట ఆగితే ఆవ కూరంతా పడుతుంది. రెండోసారి వేడి చెయ్యొద్దు. వేడి కావాలంటే అన్నం వేడిగా పెట్టుకోండి, కూర కాదు.

చేపల పులుసు సంగతి సరేసరి. సముద్రం ఒడ్డున ఉండి, హార్బర్ నుంచి కానాగంతలు, అంటే మాకెరల్ చేపలు తెచ్చి, వాటిలో జీడిపప్పు పేస్టు, గరంమసాలా వేస్తున్నారు. అరకిలో చేపకి 40 గ్రాముల చింతపండు, రెండు ఉల్లిపాయల ముద్ద, మూడు టీచెంచాల కారం, రెండు టీచెంచాల ఉప్పు, దించేముందు పావు టీచెంచా మెంతిపిండి, చాలు. వెడల్పాటి గిన్నెలో పులుసు ముందు పది నిమిషాలు మరిగి చిక్కబడాలి, తర్వాతే చేపముక్కలు. ముక్కలు పడ్డాక గరిటె పెట్టకుండా, గిన్నెని గుడ్డతో పట్టుకుని తిప్పాలి. ఎనిమిది నిమిషాల్లో ఉడికిపోతాయి, ఇంకా ఉంచితే పీచు పీచవుతాయి. గంట ఆగి తింటే ముక్క లోపలికి పులుసు దిగుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది ఏ వీడియోలోనూ చెప్పరు. కానాగంతలు పొద్దున కొని ఫ్రిజ్‌లో పెట్టకుండా సాయంత్రం దాకా సింకు పక్కన వదిలేస్తే వాటిలో హిస్టమిన్ అనే, ఒంటికి పడని పదార్థం పెరుగుతుంది. పులుసు ఎంత మరిగించినా అది పోదు. తిన్న కాసేపటికి మొహం ఎర్రబడి, దద్దుర్లొచ్చి, తలనొప్పి పట్టుకుంటుంది. పిల్లలకి పెడతాం కదా, ఇది చెప్పాలా వద్దా? కొన్న వెంటనే శుభ్రం చేసి ఐసులోనో ఫ్రిజ్‌లోనో పెట్టాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం ఉన్న 61 రోజులూ మరీ చూసి కొనాలి, ఐసులో ఎన్నాళ్ళున్నదో తెలియని సరుకు కూడా అప్పుడు బజారుకొస్తుంది. కళ్ళు లోపలికి పోయి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయే చేప వద్దు. ఆ రోజుల్లో ఎండు నెత్తళ్ళు, వంకాయ వేసి పులుసు పెట్టుకున్నా హాయిగా ఉంటుంది.

ఆ అమ్మాయి ఇంకా గ్రూపులో ఎదురుచూస్తోంది, ఆమెకి పెట్టిన జవాబు ఇక్కడా పెడుతున్నాను. ఏమీ పారబొయ్యొద్దమ్మా. కుక్కర్లోది చిల్లుల గిన్నెలో వడకట్టు, పులుసూ ముక్కలూ పక్కన ఉంచు. పప్పు బద్దల్ని ఒకసారి కడిగి పులుపు పోనియ్యి. కప్పున్నర మరిగే నీళ్ళు పోసి, గోటి మీద నిలిచేంత వంటసోడా వెయ్యి. ఎక్కువ పడితే సబ్బు వాసనొస్తుంది, జాగ్రత్త. విజిల్ వచ్చాక సిమ్‌లో ఎనిమిది నిమిషాలు. మెదిపి ఆ పులుసులో కలిపి ఐదు నిమిషాలు మరిగించి, పోపు పెట్టు. ఈలోపు నాలుగు వడియాలు వేయించుకో, తొమ్మిదింబావుకి కంచాల్లోకి చారు వచ్చేస్తుంది.