శుభ్రతా వీరుల చేతిలో ఎలక్ట్రిక్ బైకు

ఎలక్ట్రిక్ బైకును ఇంట్లోనే కడుక్కునే మహానుభావులలో నీటిని జోరు ధారగా కొట్టే ప్రెషర్ వాషర్ కొన్నవారిది ఒక ప్రత్యేక వర్గం. ఆ యంత్రం గడప దాటి లోపలికి వచ్చిన నాటి నుంచి వారికి లోకమంతా మురికిగానే కనబడుతుంది: మొదట గోడ, తరువాత గేటు, ఆపైన పారిపోవడానికి వీలులేక స్టాండు మీద నిలబడిపోయిన బైకు. ‘లోపల మోటారు ఉంది కదండీ’ అని ఎవరైనా గొణిగితే, దాని మీద ఉన్న, ధూళినీ నీటినీ ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ67 ముద్రను తామ్రశాసనం చూపినట్టు చూపి నోరు మూయిస్తారు.

ఆ ముద్రలోని 6 ధూళికి సంబంధించినది. 7 అంటే మీటరు లోతు నిలువ నీటిలో 30 నిమిషాలు ముంచినా తట్టుకుంటుందని. ధారగా కొట్టే నీటికి పరీక్షలు వేరు, వాటి అంకెలు వేరు. నీటి ధారకు ఇచ్చే 5 అనే అంకె పరీక్షలో సైతం నిమిషానికి 12.5 లీటర్ల నీటిని 2.5 నుంచి 3 మీటర్ల దూరంలో నిలబడి చల్లుతారు. మన వీరుడు 100 బార్ల ఒత్తిడితో, జానెడు దూరం నుంచి, నేరుగా చక్రం బేరింగుకే గురిపెడతాడు. ఏడు పెద్ద అంకె కనుక నీటి ధారలకు ఇచ్చే అయిదూ ఆరూ అందులోనే ఇమిడి ఉంటాయని ఆయన గణితం.

బేరింగులోని గ్రీజు కరిగి నల్లగా కారుతుంటే, ఎంత మురికి పేరుకుపోయిందో చూశారా అని ఇంటిల్లిపాదినీ పిలిచి చూపిస్తాడు. తరువాత డిస్‌ప్లే, ఛార్జింగ్ పోర్టు, వైర్ల కనెక్టర్లు ఒక్కొక్కటిగా ఆయన కరుణకు పాత్రమవుతాయి. బ్యాటరీని ముందుగా తీసి పక్కన పెట్టాలన్న ఆలోచన, పాపం, ఆయన దరిదాపులకు రాదు. అక్కడితో ఆగినా బాగుండేది. మెరుగు పెట్టే స్ప్రేతో సీటును, టైర్లను, చివరకు బ్రేకు డిస్కును కూడా నిగనిగలాడిస్తాడు. ఆ నూనెను ప్యాడ్లు పీల్చుకుని మరునాడు బ్రేకు కీచుమంటుంది. కీచు వినిపించిన చోట నూనె వేయాలన్నది తరతరాల జ్ఞానం కాబట్టి, అక్కడే మరికొంత చల్లుతాడు. బ్రేకు నోరు మూసుకుంటుంది. బండి మాత్రం ఆగదు.

నిజానికి కావలసింది ఒక బకెట్టు, మెత్తని బ్రష్షు, కొద్దిగా సబ్బు నీళ్లు, రెండు గుడ్డలు. స్విచ్ ఆపి, బ్యాటరీ తీసి, మట్టిని మెల్లగా తుడిచి, గొలుసుకు దాని నూనె కొన్ని చుక్కలు వేసి, మిగిలినది గుడ్డతో అద్దేయాలి. ప్యాడ్ల మందం చూడాలి. టైరు పక్కన అచ్చువేసిన పరిమితిలో గాలి ఉందో లేదో చూడాలి. ఇందులో నురగ లేదు, తుంపర లేదు, చుట్టూ చేరి చూసే జనం లేరు. అందుకే ఎవరూ చేయరు.

ఇంత స్నానం చేయించిన తరువాత ఆయన చేసేదేమిటంటే, తడి ఆరని బ్యాటరీని తీసుకువెళ్లి రాత్రికి ఛార్జింగుకు పెట్టడం. అది కూడా దాని ఛార్జరు కాదు. ప్లగ్గు దూరిందన్న ఏకైక అర్హత గల మరో ఛార్జరు. 36 వోల్టుల బ్యాటరీకి 48 వోల్టుల ఛార్జరు తగిలించడమంటే ఏమిటో తెలియనివాడు దానిని పెట్టే చోటు ఎక్కడ? ఇంటికి ఉన్న ఒకే ఒక్క తలుపు పక్కన! లిథియం బ్యాటరీ ఒకసారి అదుపు తప్పితే తన వేడిని తానే పెంచుకుంటుంది, విషవాయువులు కక్కుతుంది, ఆరిందనుకున్నాక కూడా మళ్లీ అంటుకోగలదు. లోపల పిల్లలు నిద్రపోతున్నారు, బయటికి పోయే దారిలో అది ఉంది. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. కంటికి కనిపించే మట్టి మీద అంత పౌరుషం చూపిన మనిషికి, ఉబ్బిన బ్యాటరీని చూసి ‘ఇంకో వారం చూద్దాం’ అనే తీరిక ఎక్కడి నుంచి వచ్చింది? అయ్యా, బైకును బురదతోనే ఉంచండి, మాకేమీ అభ్యంతరం లేదు. ముందు ఆ ఛార్జరు పీకి, బ్యాటరీని ఆ తలుపు దగ్గర నుంచి తీయండి.