72 పిన్నుల కనెక్టర్ గారికి బహిరంగ లేఖ

నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అనే వీడియో గేమ్ కన్సోల్ పొట్టలో కొలువుదీరి, గేమ్ కేసెట్‌ను కన్సోల్ బోర్డుకు కలిపే 72 పిన్నుల కనెక్టర్ గారికి,

అయ్యా, కేసెట్ పెట్టి పవర్ నొక్కగానే ఎర్రదీపం సెకనుకోసారి మిణుకుతుంది. కేసెట్ పీకి, దాని మూతిలో ఉఫ్‌మని ఊది, మళ్ళీ పెడతారు. అమెరికాలో ఒక తరం పిల్లలు తమ ఊపిరిని ఇలా మీకే ధారపోశారు. తమరు మాత్రం నేరమంతా దుమ్ము మీదికి నెట్టి హాయిగా కూర్చున్నారు. దుమ్ముకు నోరు లేదు కాబట్టి దాని తరఫున మేము రాయాల్సి వచ్చింది.

ముందు తమరి వంశం సంగతి. 1983 జూలై 15న జపాన్‌లో విడుదలైన మీ అన్నగారు, నింటెండో వారి ఫామికామ్ కన్సోల్‌కు ఉన్నవి 60 పిన్నులే. మసాయుకి ఉఎమురా రూపకల్పన చేసిన ఆ పెట్టెలోకి కేసెట్ పైనుంచి నిటారుగా దిగి గట్టిగా కూర్చునేది. అదే ఏడు అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. గేమ్ అన్న మాట వింటేనే దుకాణదారులు మొహం తిప్పుకునే రోజులవి. అందుకే ల్యాన్స్ బార్ గీసిన అమెరికా పెట్టెకు వీసీఆర్ వేషం కట్టారు. ముందు మూత, లోపలికి తోసే కేసెట్, కిందికి నొక్కే ట్రే. పెట్టెను ‘కంట్రోల్ డెక్’ అన్నారు, కేసెట్‌ను ‘గేమ్ ప్యాక్’ అన్నారు. పక్కన ఓ రోబోను కూడా నిలబెట్టారు, అది ఆడగలిగినవి మొత్తం రెండే గేములు. 1985 అక్టోబరులో న్యూయార్క్‌లో అమ్మకాలు మొదలయ్యాయి. పులిని చూసి నక్క వాత పెట్టుకుంటే, ఆ మంట తగిలింది మీ పిన్నులకు.

కేసెట్ వాలుగా లోపలికొచ్చి ట్రేతోపాటు కిందికి దిగుతుంది. దిగిన ప్రతిసారీ మీ పిన్నులు వంగి కాంటాక్టులను ఒత్తాలి. పెట్టడానికి బలమే అక్కర్లేదని తమరికి గొప్ప పేరు. నిజమే, బలం అక్కర్లేని చోట పట్టు కూడా ఉండదు. వంగీ వంగీ పిన్నులో స్ప్రింగు చచ్చాక, దానికి తోడు కాంటాక్టులు నల్లబడ్డాక, తగలాల్సింది సరిగ్గా తగలదు. ఇంతా చేసి, అంత పెద్ద కేసెట్ డొల్లను విప్పి చూస్తే చాలావాటిలో సగం ఖాళీయే! తొలినాటి ‘జైరోమైట్’ గేమ్ కేసెట్లు కొన్నింటిలో అయితే మీ అన్నగారి 60 పిన్నుల బోర్డునే పెట్టి, దానికి 72కు మార్చే అడాప్టర్ తగిలించారు. కొత్త సంసారం, పాత సామాను.

ఇక మీ జీతాల పట్టిక చూద్దాం. అన్నగారి 60లోంచి శబ్దానికి వాడే 2 పీకేశారు. జపాన్‌లో వచ్చిన ‘కాసిల్‌వేనియా 3’ గేములో అదనపు చిప్ వాయించే సంగీతం అమెరికా కేసెట్‌లో వినపడకపోవడం ఆ పుణ్యమే. పెట్టె అడుగున, అదనపు పరికరాలు తగిలించే ఎక్స్‌పాన్షన్ పోర్టు కోసం 10 చేర్చారు. దానికి తగిలించే పరికరం ఒక్కటీ అమ్మకానికి రాలేదు. పదిమందీ కూర్చుని తిన్నారు. చివరి 4 పోలీసు డ్యూటీకి.

అసలు కిటుకు ఆ నాలుగింటిలోనే ఉంది. కన్సోల్‌లో 10ఎన్ఈఎస్ అనే కాపలా చిప్ ఒకటి, కేసెట్‌లో దాని జోడీ. ఇద్దరూ ఒకే లెక్క ఒకేసారి వేసుకుంటూ సరిచూసుకుంటారు. తేడా వస్తే కన్సోల్‌ను రీసెట్ చేస్తూనే ఉంటారు, అదే ఆ మిణుకు. లైసెన్సు లేని గేములను ఆపడానికి పెట్టిన ఏర్పాటిది. అటారీ గేమ్స్ ఆ ప్రోగ్రామును కాపీరైట్ ఆఫీసు నుంచి సంపాదించి నకలు చిప్ చేసి కోర్టులో దెబ్బతింది. ఇంకొందరు చిప్‌కు వోల్టేజీ షాకిచ్చి దాటేశారు. దొంగలు అలా దర్జాగా లోపలికి పోతుంటే, డబ్బు పోసి కొన్న అసలు కేసెట్ మాత్రం ఒక్క పిన్ను వదులైనందుకు గుమ్మంలో నిలబడింది. కాబట్టి దీపం మిణుకుతుంటే ముందు అనుమానించాల్సింది ఈ నాలుగింటిని. దీపం నిలకడగా ఉండి తెరమీద గళ్ళు చిందరవందరైతే తప్పు గేమ్ సమాచారాన్ని మోసే డేటా, అడ్రస్ పిన్నులది.

ఊదితే నడిచేది కదా అంటారేమో. తీసి మళ్ళీ పెట్టడం వల్ల పిన్ను ఇంకోచోట తగిలి నడిచింది. నోటి తడి మాత్రం కాంటాక్టులకు చిలుము పట్టించింది. ఊదొద్దని నింటెండో కూడా చెప్పింది. ఆల్కహాల్‌తో తుడవొద్దని కేసెట్ వెనక అచ్చేసింది కూడా వాళ్ళే. రిపేరు చేసేవాళ్ళు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తప్ప మరొకటి ముట్టరు, అది వేరే సంగతి. మన ఊళ్ళలో తిరిగిన ఫామికామ్ నకళ్ళకు 60 పిన్నులే, పోలీసు చిప్ లేదు, మిణుకూ లేదు. అయినా మనవాళ్ళూ ఊదారు!

తమరికి వైద్యం ఇలా. పెట్టె అడుగున 6 స్క్రూలు విప్పి, లోపలి రేకు కవచం తీసి, ట్రే స్క్రూలు విప్పాలి. వాటిలో రెండు పొడుగువి, స్థానం మారకూడదు. ట్రేను ముందుకు జరిపి, బోర్డు అంచు నుంచి తమరిని వెనక్కి లాగాలి. నీళ్ళలో 10 నిమిషాలు మరిగించి, రోజంతా ఆరబెట్టాలి. తడి ఉండగా కరెంటు ఇస్తే అంతే సంగతులు. బోర్డు అంచునూ కేసెట్ కాంటాక్టులనూ ఐసోప్రొపైల్‌తో తుడవాలి. కేసెట్ విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేక బిట్ కావాలి. సూదితో పిన్నులు ఎత్తేవాళ్ళున్నారు. ఎక్కువ ఎత్తితే పక్కదానికి తగిలి షార్టవుతుంది. బజారులో దొరికే కొత్త కనెక్టర్లు కొన్ని కేసెట్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే, బయటికి లాగడానికి రెండు చేతులూ చాలవు. వాటికంటే మరిగించిన తమరే నయం, ఒప్పుకుంటున్నాం.

1993లో మీ కంపెనీయే పైనుంచి పెట్టే మోడల్ తెచ్చింది. అందులో పోలీసు చిప్ లేదు. టీవీ యాంటెన్నా సాకెట్‌కు తగిలించే ఆర్ఎఫ్ తప్ప వేరే వీడియో అవుట్‌పుట్ కూడా లేదు, బొమ్మ మీద నిలువు గీతలు అదనం. ఒకటి ఇచ్చి రెండు లాక్కోవడం మీ ఇంటి ఆచారమేమో.

పాత పెట్టెలో పోలీసుకు రిటైర్మెంటు ఇవ్వాలంటే కన్సోల్ చిప్‌లో 4వ పిన్ను కత్తిరించి పైకి ఎత్తితే చాలు. తమరికి అభ్యంతరమైతే ఆలోపే చెప్పండి, కట్టర్ సిద్ధంగా ఉంది.

ఇట్లు,
స్క్రూడ్రైవర్ బృందం