సవరణ: హెన్రీ షెఫ్లిన్ లెక్కలు

ఐర్లాండ్‌లోని కిల్కెనీ కౌంటీకి ఆడిన హర్లింగ్ (కర్రతో బంతిని కొట్టే ఐరిష్ ఆట) ఆటగాడు హెన్రీ షెఫ్లిన్ గురించి ఇంతకుముందు రాసినదాంట్లో మూడు తప్పులు దొర్లాయి.

అన్నిటికన్నా పెద్దది స్కోరు. ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌ల్లో అతని మొత్తం 27-484. దాన్ని కూడేసి 511 అని రాశాం. అది తప్పు. గీతకు ముందున్నవి గోల్స్, తర్వాతవి పాయింట్లు. బంతి అడ్డకర్ర కింద నుంచి వలలో పడితే గోల్, అంటే 3 పాయింట్లు. కర్ర మీదుగా రెండు స్తంభాల మధ్య దాటితే 1. కాబట్టి 27 × 3 = 81, దానికి 484 కలిపితే 565. హర్లింగ్ స్కోర్లు కొత్తగా చదివేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 3-10 కన్నా 0-20 పెద్దది, చూడ్డానికి అలా అనిపించదు! 565 ఇప్పుడు రికార్డు కూడా కాదు, 2021లో గాల్వే ఆటగాడు జో కానింగ్ దాన్ని దాటాడు.

ఆల్ ఐర్లాండ్ (కౌంటీ జట్ల దేశవ్యాప్త ఛాంపియన్‌షిప్) పతకాలు పదే, కానీ ఏళ్ల జాబితాలో 2010 చేర్చడం పొరపాటు. ఆ ఫైనల్లో టిప్పరరీ కౌంటీ గెలిచింది. మోకాలి గాయంతో షెఫ్లిన్ మొదట్లోనే బయటికి వెళ్లాడు. సరైన ఏళ్లు: 2000, 2002, 2003, 2006, 2007, 2008, 2009, 2011, 2012, 2014. చివరిదాంట్లో అతను సబ్‌స్టిట్యూట్. మొదటి ఫైనల్ డ్రా అయితే రీప్లేలో కిల్కెనీ 2-17, టిప్పరరీ 2-14, అంటే 23-20.

కౌంటీ జట్టు నుంచి వీడ్కోలు 2014లో కాదు, 2015 మార్చిలో. దానికి కొద్ది రోజుల ముందే తన క్లబ్ బాలీహేల్ షామ్‌రాక్స్‌తో క్లబ్‌ల ఆల్ ఐర్లాండ్ గెలిచాడు. క్లబ్ పతకాలు వేరే లెక్క, ఆ పదిలో కలవవు.